నిన్ననే నేర్చుకున్నవాళ్లు ఎందుకు మాట్లాడటం లేదు?

ఆన్‌లైన్‌లో గిటారు నేర్చుకునేవాళ్ల సముదాయం ఏదైనా సరే, కొన్నేళ్లు గడిచాక అందులో ఒక మాట వినబడటం మొదలవుతుంది: "ఇక్కడ మునుపటిలా లేదు." కొత్తవాళ్లు ఒక్కసారిగా వచ్చిపడి పాడుచేశారని పాతవాళ్లు అంటారు. పాతవాళ్లు తమలో తామే మాట్లాడుకుంటున్నారని కొత్తవాళ్లు అంటారు. డబ్బు చేరి చెడగొట్టిందని కొందరు, యాప్‌లు వచ్చాక మనుషులతో పని లేకుండా పోయిందని ఇంకొందరు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. కానీ చాలాకాలంగా ఇలాంటి సముదాయాల్లో మసలుతున్న నాకు, అసలు కారణం ఎవరూ వేలెత్తి చూపని చోట ఉందనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్లు నోరు మెదపడం మానేసిన రోజు నుంచే సముదాయం క్షీణించడం మొదలవుతుంది.

మధ్యలో ఉన్నవాళ్లంటే ఎవరో చెబుతాను. మొన్నటిదాకా వేళ్ల కొనలు మండినవాళ్లు, నిన్ననే ఆ మంట తగ్గి చర్మం గట్టిపడినవాళ్లు, ఇవాళ తడబడుతూనైనా ఒక పాటను మొదటినుంచి చివరిదాకా వాయించగలుగుతున్నవాళ్లు. వీళ్లకు స్వరసిద్ధాంతం పెద్దగా తెలియదు. సోలో వాయించమంటే వెనకాడతారు. అయినా సరే, గిటారు కొనుక్కుని నెల తిరగని మనిషికి వీళ్లకంటే ఎక్కువ ఉపయోగపడేవాళ్లు ఈ లోకంలో లేరు.

ఇంటర్నెట్‌లో గిటారు పాఠాల తొలి రూపం అక్షరాలు, అంకెలు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే తొలితరం ఆన్‌లైన్ చర్చా బృందాల్లో జనం ట్యాబ్‌లు రాసి పంచుకునేవారు. ఆరు తీగలకు ఆరు అడ్డగీతలు. ఒక్కో గీత మీద ఉన్న అంకె, ఆ తీగను ఎన్నో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కాలో చెబుతుంది. 16వ శతాబ్దంలో ల్యూట్ అనే తీగవాద్యం వాయించినవాళ్లకూ ఇలాంటి లిపే ఉండేది, కాకపోతే వాళ్లు గీతల పైన కాలప్రమాణాన్ని కూడా గుర్తులతో రాసుకునేవారు. కంప్యూటర్ కీబోర్డు మీద కొట్టిన ట్యాబ్‌లో చాలావరకు అది ఉండదు. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో తెలియాలంటే పాటను చెవితో వినాల్సిందే. పైగా వాటి నిండా తప్పులు. ఎవరో ఔత్సాహికులు రికార్డును పదేపదే వింటూ తమకు తోచినట్టు రాసినవి అవి.

ఆ తప్పులు చేసిన మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకరు ట్యాబ్ పెడతారు, ఇంకొకరు "మూడో వరుసలో స్వరం అది కాదు" అంటారు, వేరొకరు "స్వరం అదే, కానీ వాయించిన చోటు అది కాదు" అంటారు. గిటారులో ఈ వాదనకు అంతుండదు. అన్నిటికంటే సన్నని మొదటి తీగను నొక్కకుండా మీటితే వచ్చే ఇ స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్ దగ్గర, మూడో తీగ 9వ ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగ 14వ ఫ్రెట్ దగ్గర కూడా దొరుకుతుంది. ఫ్రెట్లు సరిపడా ఉంటే ఐదో తీగ 19వ ఫ్రెట్ దగ్గర కూడా. స్థాయి ఒకటే, నాదం మాత్రం చోటును బట్టి మారుతుంది. సన్నని తీగ మీద పదునుగా, లావు తీగ మీద గుండ్రంగా పలుకుతుంది. అసలు వాద్యకారుడు దాన్ని ఎక్కడ నొక్కి ఉంటాడు? తరువాతి స్వరానికి చేయి ఎక్కడినుంచి సులువుగా అందుతుంది? ఈ చర్చలో పాల్గొనడానికి పదేళ్ల అనుభవం అక్కర్లేదు. శ్రద్ధగా వినే చెవి, ఏడాది పాటు అలవాటైన చేయి ఉంటే చాలు. ఇలాంటి చోట మధ్యస్థాయి మనిషికి పని ఉంటుంది, ఆ పనిలోనే అతని చెవి కూడా తయారవుతుంది.

అలాంటి ట్యాబ్‌లన్నీ ఒకచోట పోగైన పెద్ద భాండాగారం, 1992లో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం కంప్యూటర్లలో మొదలైన ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్. అందరూ ఓల్గా అని పిలిచేవారు. సంగీత ప్రచురణకర్తల హెచ్చరికలతో 1996లో ఒకసారి, 1998లో ఇంకోసారి మూతపడి, 2006లో పూర్తిగా ఆగింది. పాట హక్కులు ఎవరివన్న ప్రశ్న చిన్నది కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఒక పాటను విని తాను అర్థం చేసుకున్నది పదిమంది ముందు పెట్టి, తప్పులు దిద్దించుకునే అలవాటు కూడా ఆ తగవులో నలిగిపోయింది. అది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

2005లో యూట్యూబ్ వచ్చింది. దాంతో మొదటిసారి చేతులు కనిపించాయి. ఈ మార్పు ఎంత పెద్దదో, అక్షరాలతో కుస్తీ పట్టినవాళ్లకే తెలుస్తుంది. బొటనవేలు గిటారు మెడ వెనుక ఎక్కడ ఆనాలి, మణికట్టు ఎంత వంగాలి, తీగలు మీటే పిక్‌ను ఎంత బయటికి ఉంచి పట్టుకోవాలి అన్నవి ఏ ట్యాబూ చెప్పలేదు. జస్టిన్ శాండర్కో లాంటి ఉపాధ్యాయులు మొదటి పాఠం నుంచి వరసగా, ఉచితంగా నేర్పడంతో, దగ్గర్లో గురువు లేనివాళ్లకూ, ఫీజు కట్టలేనివాళ్లకూ దారి దొరికింది. ట్యాబ్ రోజులే నయమని వాపోయేవాళ్లతో నేను ఏకీభవించను. వీడియో పాఠం రాకపోతే గిటారు ముట్టుకోకుండానే ఉండిపోయే మనుషులు లెక్కలేనంతమంది.

అయితే వీడియో చూపులను ఒకే దిక్కుకు తిప్పింది. ట్యాబ్ రోజుల్లో నేర్చుకునేవాళ్లు ఒకరి వైపు ఒకరు తిరిగి కూర్చున్నారనుకుంటే, వీడియో రోజుల్లో అందరూ గురువు వైపు తిరిగారు. గురువు తప్పు వాయించడు. దిద్దాల్సిన పని లేనప్పుడు మధ్యస్థాయి మనిషికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ తొలినాళ్ల వీడియోల్లో ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. టోపీ నీడలో ముఖం కనబడకుండా కూర్చుని, పాకెల్బెల్ స్వరపరిచిన కేనన్ అనే పాశ్చాత్య శాస్త్రీయ రచనకు తైవాన్ గిటారిస్టు జెర్రీసీ చేసిన రాక్ రూపాన్ని వాయించిన కొరియా యువకుడి వీడియో అది. ఫన్‌టూ అన్న పేరుతో అతను దాన్ని మొదట ఒక కొరియా సంగీత సైటులో పెట్టాడు. వేరే ఎవరో దాన్ని యూట్యూబ్‌లోకి తెచ్చారు. కోట్లసార్లు జనం చూశారు. 2006లో న్యూయార్క్ టైమ్స్ అతనెవరో కనిపెట్టి మాట్లాడినప్పుడు, తన వైబ్రాటో (స్వరాన్ని కంపింపజేయడం) బాగాలేదన్నవాళ్ల మాట నిజమేనని, దాన్ని మెరుగుపరుచుకునే పనిలో ఉన్నానని చెప్పాడు. అంతటి చేయి ఉన్నవాడు కూడా నేర్చుకునేవాళ్ల వరసలోనే నిలబడి మాట్లాడాడు. ప్రపంచం మాత్రం ఆ వీడియోను కచేరీగానే చూసింది. ఆ తరువాత రికార్డింగు పెట్టడమంటే సలహా అడగడం అన్న అర్థం తగ్గుతూ, ప్రతిభ చూపడం అన్న అర్థం పెరుగుతూ వచ్చింది.

ఇక లెక్క. గిటార్లు తయారుచేసే ఫెండర్ కంపెనీకి అధినేతగా ఉన్నప్పుడు ఆండీ మూనీ చాలాసార్లు చెప్పిన మాట ప్రకారం, కొత్తగా గిటారు పట్టినవాళ్లలో సుమారు 90 శాతం మంది మొదటి ఏడాదిలోనే వదిలేస్తారు. దీన్ని ఒక ఊహాసముదాయానికి అన్వయించి చూద్దాం. ఏటా 100 మంది చేరతారు, అందులో 10 మంది మిగులుతారు, మిగిలినవాళ్లు ఇక వెళ్లరు అనుకుందాం. మూడో ఏడు పరిస్థితి ఇది: ఆ ఏడు చేరినవాళ్లు 100 మంది, ఒకటి రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు 20 మంది, అంతకు మించినవాళ్లు ఎవరూ లేరు. పదో ఏడుకు వస్తే: కొత్తవాళ్లు 100 మంది, ఒకటి రెండేళ్లవాళ్లు అదే 20 మంది, అంతకు పైబడినవాళ్లు 70 మంది.

మధ్యలోని 20 మంది అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒక్కరు కూడా తగ్గలేదు. కానీ మూడో ఏట వాళ్లే అక్కడ పెద్దలు. ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది వాళ్లే, ఇంకెవరూ లేరు కాబట్టి. పదో ఏట వాళ్లు నోరు తెరిచేలోగా 70 మందిలో ఎవరో ఒకరు ఇంకా బాగా, ఇంకా కచ్చితంగా, స్వరసిద్ధాంతంతో సహా చెప్పేసి ఉంటారు. రికార్డింగుల సంగతీ అంతే. మొదట్లో అందరివీ తడబాట్లే కాబట్టి సిగ్గుపడే పని ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ మిగిలినవాళ్ల చేయి తిరుగుతుంది, పెట్టే రికార్డింగులు మెరుగవుతాయి, ఆ పక్కన తన బరబరమనే జి కార్డ్‌ను (కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే పట్టు) పెట్టడానికి ఏడాది అనుభవం ఉన్న మనిషికి మనసొప్పదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ తరమలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ బాగా వాయించడం నేర్చుకున్నారు, అంతే. ఆ బాగుపడటమే గడప ఎత్తు పెంచింది.

"అయితే ఏమిటి? అనుభవజ్ఞులు చెప్పే జవాబే కదా మేలైనది?" అని అడగవచ్చు. ఎఫ్ కార్డ్‌ను తీసుకుని చూద్దాం. కొత్తవాళ్ల ప్రశ్నల్లో సగం దాని గురించే వస్తాయి. చూపుడువేలితో ఆరు తీగలనూ మొదటి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టాలి, మిగతా వేళ్లు మరో మూడు చోట్ల ఆనాలి. తీగలు పలకవు, టక్‌టక్‌మంటాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారిని అడిగితే "సాధన చేయండి, వచ్చేస్తుంది" అంటారు. అది అబద్ధం కాదు. వాళ్ల చేతులు ఆ కష్టాన్ని ఎప్పుడో మరిచిపోయాయి, అందుకే అంతకంటే చెప్పలేరు.

మూడు నెలల కింద ఆ కార్డ్‌ను సాధించినవారిని అడగండి. చూపుడువేలిని చదునుగా కాక, కొంచెం పక్కకు దొర్లించి ఎముక ఉన్న వైపు ఆనించమంటారు. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ మరీ బిగువుగా తగులుతుంది కాబట్టి అదే ఆకారాన్ని ముందు 5వ ఫ్రెట్ దగ్గర పట్టి, అక్కడ పలికాక ఒక్కో ఫ్రెట్ కిందికి దిగి రమ్మంటారు. బొటనవేలితో గట్టిగా నొక్కే బదులు చేతి బరువుతో మెడను వెనక్కి లాగినట్టు పట్టమంటారు. అప్పటిదాకా పై నాలుగు తీగలతో చిన్న ఎఫ్ వాయించుకోమంటారు. ఎన్నాళ్లు చేసినా పలకకపోతే గిటారు తల దగ్గర తీగలు మరీ ఎత్తులో ఉన్నాయేమో ఎవరికైనా చూపించమంటారు. ఇవన్నీ వాళ్లకు గుర్తున్నాయి, ఎందుకంటే ఆ నొప్పి ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. ఇంకో ఏడాది ఆగితే వాళ్లూ మరిచిపోతారు. అందుకే వాళ్ల మాటకు గడువుంది, ఆ గడువులోపే దాన్ని వినాలి.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో ఇదే సంగతిని వేరే వృత్తుల్లో చూపించారు. పశ్చిమ ఆఫ్రికా దర్జీలు, మెక్సికోలోని యుకటాన్ మంత్రసానులు, నౌకాదళంలో దారి లెక్కగట్టేవాళ్లు ఎలా తయారవుతారో పోల్చి చూసి, శిష్యులు ఎక్కువగా నేర్చుకునేది తోటి శిష్యుల మధ్యేనని గమనించారు. గురువు ఉండాలి. ఆ గురువుకూ కొత్త శిష్యుడికీ నడుమ, పని కొంత వచ్చినవాళ్లు కూడా ఉండాలి. వాళ్లను చూస్తేనే కొత్తవాడికి తన వచ్చే ఏడాది ఎలా ఉంటుందో తెలుస్తుంది.

నాకు కోపం తెప్పించే జవాబు ఒకటుంది: "ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చాం, వెతుక్కోండి." ఈ విసుగు ఇప్పటిది కాదు. యూజ్‌నెట్ కాలంలో ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు, కొన్నాళ్లకు మర్యాదలు నేర్చుకునేవారు. 1993 తరువాత ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ సేవల సంస్థల ద్వారా మామూలు జనం ఆగకుండా రావడంతో పాతవాళ్లు ఆ కాలానికి అంతులేని సెప్టెంబర్ అని పేరు పెట్టారు. కానీ గిటారు నేర్చుకునే చోట ప్రతి నెలా సెప్టెంబరే కావాలి. ఎఫ్ కార్డ్ గురించి అడిగే మనిషికి సమాచారం దొరక్క కాదు అడిగేది. "నా చేయి చిన్నదేమో, నా వయసు దాటిపోయిందేమో" అన్న భయం ఆ ప్రశ్న కింద ఉంటుంది. నాలుగేళ్ల కిందటి జవాబు వేరొకరి చేతి గురించి చెబుతుంది. తన చేతి ఫోటో చూసి "మోచేయి కొంచెం ఒంటికి దగ్గరగా తెండి" అనే మనిషి కావాలి. ఇంకో సంగతి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మధ్యస్థాయి మనిషికీ పాఠమే. తన వేళ్లు చేస్తున్న పనిని మాటల్లో పెట్టినప్పుడే అది తనకు పూర్తిగా అర్థమవుతుంది. పాత జవాబు చూసుకోమని తలుపు మూస్తే ఇద్దరి పాఠాలూ పోతాయి. ఇప్పుడు ఈ ప్రశ్నలు కృత్రిమ మేధను అడగడం కూడా పెరిగింది. జవాబు సరైనదే రావచ్చు, కానీ చెప్పడం ద్వారా నేర్చుకోవాల్సిన ఆ రెండో మనిషి అక్కడ లేడు.

పాతబడ్డ సముదాయంలో కనిపించే ఇంకో లక్షణం, మాట సాధన నుంచి సరంజామాకు జారిపోవడం. ధ్వనిని మార్చే పెడల్ ఏది, తీగల కంపనాన్ని అందుకునే పికప్ ఏది, ఏ మందం తీగలు. స్టీలీ డాన్ అనే అమెరికన్ రాక్ బృందం గిటారిస్టు వాల్టర్ బెకర్ ఈ కొనుగోలు జబ్బుకు చాలాకాలం కిందటే ఒక పేరు పెట్టాడు, గిటారు వాయించేవాళ్లలో అది నేటికీ వాడుకలో ఉంది. ఇది దురాశ వల్ల వచ్చిందని నేను అనుకోను. సాధన గురించి మాట్లాడాలంటే ఈ వారం ఏం సాధన చేశారో చెప్పాలి. వస్తువు గురించి ఎవరైనా, ఏమీ వాయించకుండానే మాట్లాడవచ్చు. అందులో స్థాయి బయటపడదు. మధ్యస్థాయి మనిషి తన వాయిద్యం గురించి నోరు విప్పలేని చోట, తన కొత్త పెడల్ గురించి ధైర్యంగా మాట్లాడతాడు. ఆ కబుర్లను తిట్టి లాభం లేదు, ఆ మనిషికి మాట్లాడే ఇంకో చోటు చూపించాలి.

యాప్‌ల గురించి కొంచెమే చెబుతాను. 2020 మార్చి చివర అందరూ ఇళ్లలో చిక్కుకున్నప్పుడు ఫెండర్ తన పాఠాల యాప్‌ను మూడు నెలలు ఉచితంగా ఇచ్చింది. జూన్ చివరికల్లా దాని వినియోగదారులు 1,50,000 నుంచి 9,30,000కు పెరిగారు. గిటారు నేర్చుకోవాలన్న కోరిక ఎంతమందిలో అణగి ఉందో అది చూపించింది. మైక్‌తో విని మార్కులు వేసే యాప్‌లు కూడా ఉన్నాయి. స్వరం సరిగా పలికిందా, సమయానికి పలికిందా అన్నవి అవి చెప్పగలవు. భుజం బిగుసుకుని ఉందని మైక్‌కు వినబడదు. అలిసిపోయి గిటారును గోడకు ఆనించి వెళ్లినవాళ్లను "ఏమైంది, కనబడటం లేదు" అని అడగడం కూడా దానికి రాదు. యాప్ చెడ్డదని నేను అనను. అక్కడ మొదలుపెట్టినవాళ్లకు మనుషులున్న చోటు కూడా ఒకటి కావాలంటాను.

మరి ఏం చేయాలి? నా ప్రతిపాదన కొందరికి నచ్చకపోవచ్చు. అనుభవజ్ఞులు కాస్త ఆగడం నేర్చుకోవాలి. మొదటి ఏడాది ప్రశ్న ఏదైనా వస్తే ఒక రోజు చేయి కట్టుకుని కూర్చోవాలి. జవాబు తెలిసి ఆగడం కష్టం, తెలుసు. ఆ రోజులో, కిందటి ఏడు ఇదే ప్రశ్న అడిగినవారిని పేరు పెట్టి పిలవాలి: "మీకు ఇది ఎలా కుదిరిందో చెప్పండి." వాళ్ల జవాబులో లోపం ఉంటే తరువాత దిద్దవచ్చు. తప్పు సమాచారం వ్యాపిస్తుందన్న అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను, ఒక చోట అది పూర్తిగా నిజం. వేలి కొనల మంట మామూలే, మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి, తిమ్మిరి మామూలు కాదు. అలాంటి మాట కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకుండా, వాయించడం ఆపి వైద్యుణ్ని కలవమని పెద్దవాళ్లే చెప్పాలి. మిగతా వాటిలో కొంచెం తప్పు జవాబు వచ్చినా ఫరవాలేదు. తప్పుల ట్యాబ్‌లతో చెవులు తయారైన చరిత్ర మనది.

రెండోది, కలిసి వాయించడం. ఒకే గదిలో నలుగురు గిటారు పట్టుకుంటే చేయి తిరగని మనిషి మెల్లగా స్ట్రమ్మింగ్ (తీగలన్నిటి మీదా ఒకేసారి చేయి ఆడించడం) చేస్తూ మిగతా ధ్వనిలో కలిసిపోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ సౌకర్యం లేదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, కాబట్టి పది మీటర్ల దూరంలో కూర్చున్నవారి స్వరం 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. లయ పట్టు నిలవడానికి దాదాపు అదే హద్దు. ఇళ్లలోని ఇంటర్నెట్, సౌండ్ పరికరాలు కలిసి చాలాసార్లు ఆ హద్దును దాటిస్తాయి. అందుకే ఆన్‌లైన్‌లో ప్రతి ఒక్కరూ ఒంటరిగా రికార్డు చేసి, ఒంటరిగా పరీక్షకు నిలబడాల్సి వస్తోంది.

దీనికి మందు పొరలుగా రికార్డు చేయడం. ఏడాది అనుభవం ఉన్న మనిషి నాలుగు కార్డులను, తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని, రెండు మూడు నిమిషాలు స్ట్రమ్మింగ్ చేసి పెట్టాలి. దాని మీద ఇంకొకరు బేస్ (మంద్రస్వరాల) వరసలు వాయించి కలపాలి. ఆఖరున, పదిహేనేళ్లుగా వాయిస్తున్నవారు దాని మీద సోలో వాయించాలి. అడుగు పొర వేగాన్ని తరువాతివాళ్లు మార్చకూడదు. కొత్త మనిషి ఎక్కడ తడబడి ఆలస్యమయ్యాడో అక్కడ సోలో కూడా ఆగి వినాలి. 60 దగ్గర సోలో వాయించడం 120 దగ్గర వాయించడంకంటే కష్టమని చేయి తిరిగినవాళ్లకు తెలుసు, ప్రతి స్వరమూ బయటపడుతుంది. నేనున్న చోట ఇలాంటి వరస మొదలుపెట్టమని అడుగుతూనే ఉన్నాను. మొదటి పొరకు కావలసినవి జి, డి, ఇ మైనర్, సి. ఎఫ్ ఇప్పుడే వద్దు.